మాట స్వేచ్ఛ కేసుల్లో మామూలు మనుషులు గెలిచారా? స్టేషన్లో క్షమాపణ లేఖ రాసివ్వచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నెల్లూరు నుంచి వచ్చి వేళచేరి వైపు అద్దెకుంటున్నారు. వీధిలో వాననీటి కాలువ పని సగంలో ఆపేసి గుంత అలాగే వదిలేస్తే, ఫోటోలు తీసి ఫేస్‌బుక్‌లో పెట్టారు. కాంట్రాక్టరూ వార్డు నాయకుడూ కలిసి డబ్బు తింటున్నారన్న అర్థం వచ్చేలా రెండు లైన్లు రాశారు. నాలుగో రోజు స్టేషన్ నుంచి ఫోను: వచ్చి ‘మన్నిప్పు కడిదం’ (క్షమాపణ లేఖ) రాసిచ్చి, పోస్టు తీసేసి పొమ్మని. ఇలాంటి వాటిలో కోర్టుకెళ్ళి నెగ్గిన మామూలు మనుషులు అసలున్నారా, లేక మాట స్వేచ్ఛ అనేది పేపర్ల వాళ్ళకీ పార్టీల వాళ్ళకేనా అన్నది మొదటి ప్రశ్న. ఎందుకొచ్చిన గొడవ, లేఖ రాసిచ్చి వదిలించుకోనా అన్నది రెండోది.

ఉన్నారు. లేఖ మాత్రం ఇప్పుడే రాసివ్వకండి.

నేను చెన్నైలో ఇరవై ఆరేళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఆఫీసు తంబుచెట్టి వీధిలో, మెట్ల కింద జెరాక్స్ మిషను, పైన నేను. పెద్ద రాజ్యాంగ కేసులు వాదించినవాణ్ణి కాదు. నా దగ్గరికి వచ్చేవి స్టేషను పిలుపులు, కేసు కొట్టేయమని హైకోర్టులో వేసే క్వాష్ పిటిషన్లు, బెయిళ్ళు. కానీ ఆ పెద్ద తీర్పుల్ని చేతిలో పట్టుకుని చిన్న కోర్టుల్లో తిరిగేది నాలాంటివాళ్ళమే కాబట్టి, అవి ఎవరి పుణ్యమో కొంత తెలుసు.

మొదట ముగ్గురు పిల్లల సంగతి చెప్తాను. 1985లో కేరళ, కొట్టాయం వైపు. బిజో, బిను, బిందు అని ఒకే ఇంటి పిల్లలు. పదో తరగతి, తొమ్మిది, ఐదు. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ వాళ్ళది. బళ్ళో జాతీయగీతం పాడేటప్పుడు అందరితోపాటు లేచి నిలబడేవాళ్ళు, పాడేవాళ్ళు కాదు. ఏళ్ళ తరబడి ఎవరికీ అభ్యంతరం లేదు. ఒక ఎమ్మెల్యే కంట్లో పడింది, అసెంబ్లీలో అడిగాడు, విచారణ వేశారు. పిల్లలు బుద్ధిమంతులు, గీతాన్ని అవమానించలేదు అని ఆ విచారణే తేల్చింది. అయినా పైనుంచి మాట వచ్చింది, జూలైలో ప్రధానోపాధ్యాయురాలు బడి నుంచి తీసేసింది. హైకోర్టులో ఒక జడ్జి దగ్గరా ఓడిపోయారు, ఇద్దరు జడ్జీల దగ్గరా ఓడిపోయారు.

సుప్రీంకోర్టులో 1986 ఆగస్టు 11న గెలిచారు. తీర్పు రాసింది జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, మన అనంతపురం జిల్లా ఆయన. మాట్లాడే హక్కులో మౌనంగా ఉండే హక్కు కూడా ఉందన్నారు. పాడమని బలవంతపెట్టే చట్టమేదీ లేనప్పుడు, ఒక శాఖాధికారి ఇచ్చిన సర్క్యులర్ పట్టుకుని పిల్లల హక్కు తీసేయడం కుదరదన్నారు. నా పనికి ఈ రెండో ముక్కే ఎక్కువ ఉపయోగపడుతుంది. మాట మీద ఆంక్ష పెట్టాలంటే చట్టం ఉండాలి. “పైనుంచి చెప్పారు” అన్నది చట్టం కాదు. మీకు వచ్చిన ఫోన్లో ఏ సెక్షను కింద పిలుస్తున్నారో చెప్పారా? చెప్పి ఉండరు.

ఇక మీరున్న ఊరి కేసు. ఆటో శంకర్ పేరు మీ ఇంటి ఓనరుని అడగండి, చెప్తాడు. తిరువాన్మియూరులో ఆటో నడిపినవాడు, వరస హత్యల్లో ఉరిశిక్ష పడ్డవాడు. ఇలాంటివాడిని ‘మామూలు మనిషి’ అనడానికి నాకూ నోరు రాదు. చెంగల్పట్టు సబ్‌జైల్లో ఉండగా తన కథంతా రాశాడు, దాదాపు మూడు వందల పేజీలు. జైలు అధికారులకు తెలిసే, భార్య చేతికిచ్చి లాయరుకు పంపించాడు. నక్కీరన్ పత్రిక అచ్చు వేస్తామంది. తనకు ఏ ఏ పోలీసు అధికారులతో, ఏ ఏ పెద్దలతో లావాదేవీలున్నాయో అందులో ఉందని తెలియగానే జైళ్ళ ఐజీ ఉత్తరం రాశాడు: అది అబద్ధం, వేస్తే చర్య తీసుకుంటాం అని.

పత్రిక వాళ్ళు సుప్రీంకోర్టుకెళ్ళారు. 1994 అక్టోబరులో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి తీర్పు చెప్పారు. (ఈయనా తెలుగాయనే. గొప్ప చెప్పుకోవడానికి కాదు గానీ, మన ఊళ్ళలో ఈ సంగతి ఎవరికీ తెలియదు, అదే బాధ.) పరువు పోతుందేమోనన్న భయంతో ప్రభుత్వం గానీ అధికారులు గానీ అచ్చు కాకముందే ఆపలేరు. కోర్టు రికార్డు లాంటి పబ్లిక్ రికార్డుల్లో ఉన్న విషయాన్ని ఎవరైనా రాసుకోవచ్చు. అధికారి తన ఉద్యోగ ధర్మంలో చేసిన పని గురించి విమర్శిస్తే, ఆ రాసింది తప్పని తేలినా సరే, నష్టపరిహారం దావా చెల్లదు. అబద్ధమని తెలిసీ, లేదా నిజమా కాదా అని కనీసం చూసుకోకుండా రాశాడని ఆ అధికారే నిరూపిస్తే తప్ప. తీర్పు వచ్చిన ఆరు నెలలకు, 1995 ఏప్రిల్‌లో, శంకర్‌ని సేలం జైల్లో ఉరి తీశారు.

మీ కేసుకి ఇది నేరుగా తగులుతుంది, అందుకే ఇంత చెప్పాను. వార్డు నాయకుడు ఎన్నికైనవాడే అయితే, కాలువ పని మీద మీ విమర్శకి ఈ గొడుగు ఉంది. కాంట్రాక్టరు అధికారి కాదు. ఆయన విషయంలో ఈ గొడుగు ఉందని నమ్ముకోకండి. “పని ఆగిపోయింది, మూడు వారాలుగా గుంత తెరిచి ఉంది” అనడం వేరు, “డబ్బు తిన్నాడు” అనడం వేరు. మొదటిదానికి మీ ఫోటోయే సాక్ష్యం. రెండోదానికి మీ దగ్గరేముంది?

ఆన్‌లైన్లో ‘అభ్యంతరకరం’గా రాస్తే జైలన్న ఐటీ చట్టం 66ఎ గురించి మీరు విన్నట్టే రాశారు గనక త్వరగా చెప్పి వదిలేస్తాను. 2012 నవంబరులో బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబయి బంద్ గురించి పాల్ఘర్‌లో ఒక అమ్మాయి పోస్టు పెట్టింది, ఇంకో అమ్మాయి లైకు కొట్టింది. ఇద్దర్నీ అరెస్టు చేశారు. దానికి కొన్ని వారాల ముందే ఇక్కడ మన పక్కన పుదుచ్చేరిలో ఒక చిన్న వ్యాపారిని ట్విట్టర్లో ఒక నాయకుడి కొడుకు గురించి రాశాడని తెల్లవారుజామున పట్టుకెళ్ళారు. ఆయన రాసింది చదివేవాళ్ళు పట్టుమని ఇరవై మంది లేరు. ఇవన్నీ చూసి ఢిల్లీలో లా చదవబోతున్న ఇరవై ఒక్కేళ్ళ శ్రేయా సింఘాల్ సుప్రీంకోర్టులో పిటిషను వేసింది. ఆమె మీద ఏ కేసూ లేదు. 2015 మార్చి 24న 66ఎ మొత్తం కొట్టేశారు. ఆ బెంచీలో ఉన్న జస్టిస్ చలమేశ్వర్ మన కృష్ణా జిల్లా ఆయన, డిగ్రీ ఇక్కడి లయోలా కాలేజీలో.

అయితే కొట్టేసిన సెక్షను చచ్చిపోయిందనుకుంటున్నారా? ఆ తర్వాత ఏళ్ళ తరబడి దేశంలో చాలా స్టేషన్లలో 66ఎ కింద కేసులు కడుతూనే పోయారు. 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది, ఇక ఎవరి మీదా ఆ కేసు నడపకూడదని. ఢిల్లీలో వచ్చిన తీర్పు స్టేషను రైటరు బల్ల మీదికి చేరడానికి పట్టే కాలం అది. అందుకే నేను క్లయింటుతో వెళ్ళేటప్పుడు తీర్పు ప్రింటు తీసుకునే వెళ్తాను, కావాల్సిన పేరా మీద పసుపు గీత గీసి. ఇన్‌స్పెక్టరుకి లా చెప్పడానికి కాదు. ఆయన పైవాళ్ళకి చెప్పుకోడానికి ఆయనకో కాగితం కావాలి, అంతే.

గెలిచినవాళ్ళ గురించే చెప్తే అబద్ధమాడినట్టు అవుతుంది. కేదార్‌నాథ్ సింగ్ అని బీహారులో ఒక చిన్న కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. 1953లో బరౌనీలో మీటింగు పెట్టి, ఈ చుట్టుపక్కల సీఐడీ కుక్కలు తిరుగుతున్నాయి అన్నాడు, కాంగ్రెసు వాళ్ళని గూండాలన్నాడు. రాజద్రోహం కింద ఏడాది శిక్ష. 1962లో సుప్రీంకోర్టు, ప్రభుత్వాన్ని ఎంత ఘాటుగా తిట్టినా సరే, హింసకో శాంతిభద్రతల భంగానికో ఉసిగొల్పితే తప్ప రాజద్రోహం కాదు అంది. అరవై ఏళ్ళుగా ఎంతోమందిని కాపాడిన మాట అది. ఆయన అప్పీలు మాత్రం అదే తీర్పులో కొట్టేశారు. తీర్పుకి పేరు ఆయనది, శిక్షా ఆయనదే, లాభం మనది. ఆ సెక్షను 2022 మేలో సుప్రీంకోర్టు పక్కన పెట్టించింది. ఆ పిటిషను వేసినవాళ్ళలో మైసూరులో ఉండే రిటైర్డు మేజర్ జనరల్ ఒకాయన ఉన్నారు. 2024 జూలై నుంచి కొత్త శిక్షాస్మృతి బీఎన్ఎస్‌లో 152గా వేరే మాటలతో వచ్చి కూర్చుంది. దానికి ఏ మామూలు మనిషి పేరు పడుతుందో చూడాలి.

చండీగఢ్ కేసు కూడా అలాంటిదే. 1984 అక్టోబరు 31, ఇందిరా గాంధీ హత్య జరిగిన రోజు. నీలం సినిమా హాలు ముందు ఇద్దరు ప్రభుత్వోద్యోగులు ఖలిస్తాన్ నినాదాలు ఒకటి రెండు సార్లు అరిచారని కేసు. చుట్టూ ఉన్నవాళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. 1995లో సుప్రీంకోర్టు వదిలేసింది: ఇద్దరు మనుషులు ఉత్తుత్తిగా అరిచినంత మాత్రాన రాజద్రోహం కాదు, పోలీసులే అనవసరంగా దాన్ని పెద్దది చేశారు అని. న్యాయం జరిగింది, పదేళ్ళకి. ఆ పదేళ్ళ వాయిదాల ఖర్చు ఏ తీర్పులోనూ రాయరు.

మద్రాసు సంగతి కూడా చెప్పాలి: ఈ దేశంలో మాట స్వేచ్ఛ మీద మొదటి పెద్ద తీర్పుకి కారణమే మద్రాసు ప్రభుత్వం. 1950 మార్చిలో బొంబాయి నుంచి వచ్చే క్రాస్‌రోడ్స్ అనే వారపత్రిక మన రాష్ట్రంలోకి రాకూడదన్నారు. అప్పుడు మీ నెల్లూరు కూడా మద్రాసు రాష్ట్రమే, గుర్తుంచుకోండి. సంపాదకుడు రమేశ్ థాపర్ నేరుగా సుప్రీంకోర్టుకెళ్ళి మే నెలలో గెలిచారు. ఏడాది తిరిగాక, 1951 జూన్‌లో, ప్రభుత్వం రాజ్యాంగాన్నే సవరించి ‘పబ్లిక్ ఆర్డర్’ (శాంతిభద్రతలు) అనే మాట చేర్చుకుంది. ఆ సవరణే ‘రీజనబుల్’ అన్న మాట కూడా చేర్చింది. ఆంక్ష సమంజసమా కాదా అని కోర్టు తూకం వేయగలుగుతున్నది దానివల్లే. ఆ తూకం ఎలా వేయాలో 1952లో చెప్పిన కేసు వి.జి. రో అనే మద్రాసు వకీలుది. మా బార్‌లో ఇప్పటి కుర్రాళ్ళకి ఆయన పేరు సైటేషను గానే తెలుసు.

ఇప్పుడు క్షమాపణ లేఖ.

దీని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది, కారణం నా తప్పే. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తల్లో, మింట్ వీధి దగ్గర చిన్న ప్రింటింగు ప్రెస్సు నడిపే ఒక తెలుగు పెద్దాయన వచ్చాడు. తమ వీధి సంఘం డబ్బు లెక్కల మీద కరపత్రం వేశాడు. సంఘం వాళ్ళు స్టేషనులో ఫిర్యాదిచ్చారు. ఇన్‌స్పెక్టరు మంచిగానే మాట్లాడాడు, “ఒక లెటరు ఇచ్చేయండి సార్, ముగించేద్దాం” అన్నాడు. నేనూ సరేనన్నాను. ఆయనకి తమిళం మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. స్టేషన్లో రైటరే తమిళంలో ఐదు లైన్లు రాశాడు, నేను పైపైన చూశాను, పెద్దాయన కింద తెలుగులో సంతకం పెట్టాడు. టీ తాగి వచ్చేశాం.

ఎనిమిది నెలల తర్వాత సంఘం అధ్యక్షుడు సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా వేశాడు. దావాతోపాటు జతచేసిన మొదటి కాగితం ఆ లేఖ. మూడో లైన్లో ‘పొయ్యాన సెయ్ది’ అని ఉంది, అంటే అబద్ధపు వార్త. ‘మనసు నొప్పించి ఉంటే విచారిస్తున్నాను’ అని ఉండాల్సిన చోట, అబద్ధం రాశానని ఆయనే ఒప్పుకున్నట్టుంది. దానికింద తెలుగులో, వణుకుతున్న అక్షరాలతో ఆయన పేరు. కరపత్రంలో రాసిన లెక్కలు నిజానికి చాలావరకు సరైనవే. నాలుగేళ్ళు తిప్పి చివరికి రాజీ చేశాం. ఆ నాలుగేళ్ళూ ఆయన దగ్గర ఫీజు తీసుకోలేదు, తీసుకునే మొహం లేదు.

అందుకే పెరుమాళ్ మురుగన్ తీర్పు వచ్చిన రోజు నేను రెండుసార్లు చదివాను. నామక్కల్‌లో కాలేజీ అధ్యాపకుడు, రచయిత. 2015 జనవరిలో ఆయన నవల మీద ఊళ్ళో గొడవ జరిగితే, రెవెన్యూ అధికారి సమక్షంలో ‘శాంతి చర్చలు’ పెట్టి, బేషరతుగా క్షమాపణ చెప్తానని, పుస్తకం వెనక్కి తీసుకుంటానని సంతకం పెట్టించుకున్నారు. 2016 జూలై 5న మద్రాసు హైకోర్టు ఆ ఒప్పందానికి కట్టుబడే శక్తి లేదు, అది ఎవరినీ బంధించదు అంది. పోలీసులో, రెవెన్యూ వాళ్ళో మధ్యన కూర్చుని రాయించుకున్న ఇలాంటి కాగితం మన ఊరి ‘కట్ట పంచాయతీ’కి, అంటే చట్టం బయట ఒత్తిడి పెట్టి చేయించే రాజీకి, దగ్గరి చుట్టం. ఆ తీర్పు నా పెద్దాయనకి పదిహేనేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

మీరేం చేయాలంటే. ఫోన్లో పిలిస్తే వెళ్ళకుండా ఉండాలని నేను చెప్పను. వెళ్ళండి, కానీ ఒంటరిగా కాదు. మొదటి ప్రశ్న: ఫిర్యాదు ఉందా, సీఎస్ఆర్ నంబరెంత? తమిళనాడులో ఎఫ్‌ఐఆర్ కట్టకముందు ఫిర్యాదు తీసుకుంటే సీఎస్ఆర్ రసీదు ఇస్తారు. నంబరు లేదంటే విచారణే లేదన్నమాట, ఊరికే పిలిచారు. ఎఫ్‌ఐఆర్ కట్టి ఉంటే, ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టుకి ముందు సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 35(3) కింద రాతపూర్వక నోటీసు అడగండి. ఇక పరువు నష్టం విషయానికొస్తే, దానికి పోలీసులు తమంత తాము ఎఫ్‌ఐఆర్ కట్టలేరు, ఆ నాయకుడే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళి ఫిర్యాదు చేసుకోవాలి. చాలామంది అంతదూరం వెళ్ళరు, స్టేషన్లోనే పని కావాలనుకుంటారు.

మతాల మధ్య, వర్గాల మధ్య చిచ్చు పెట్టారని సెక్షను తగిలిస్తే భయపడకండి, కానీ తేలిగ్గా తీసుకోకండి. 2024 మార్చిలో కొల్హాపూర్‌లో పనిచేసే ఒక ప్రొఫెసరు కేసు కొట్టేస్తూ సుప్రీంకోర్టు చెప్పింది, ఆయన నేరమల్లా వాట్సాప్ స్టేటస్: బలహీన మనస్కులకు ఏమనిపిస్తుందన్నది కాదు, సాధారణ వివేకం ఉన్నవాళ్ళకి ఏమనిపిస్తుందన్నదే కొలత అని. 2025 మార్చిలో ఒక కవిత కేసులో, మాట మీద వచ్చే ఫిర్యాదుల్లో, మూడు నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే సెక్షన్లయితే, ఎఫ్‌ఐఆర్‌కి ముందు పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ చేయడమే సరైనదని కూడా అంది. ఈ రెండు ప్రింట్లు మీ దగ్గర ఉండాలి.

ఒక హెచ్చరిక. ఈ కేసులన్నీ ప్రభుత్వంతో నడిచినవి. మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోంచి అడ్మిన్ తీసేశాడని ఇవే చూపించి పోట్లాడలేరు. కులం పేరెత్తి, ఇంటి ఆడవాళ్ళ పేరెత్తి రాసినవాళ్ళు కూడా నా దగ్గరికి ‘మాట స్వేచ్ఛ’ అంటూ వస్తారు. వాళ్ళకి వేరే లాయర్ల నంబర్లు ఇస్తాను.

పోస్టు సంగతి: ఫోటోలు ఉంచండి. “తింటున్నారు” అన్న లైను మీ దగ్గర ఆధారం లేకపోతే మీ అంతట మీరే, ఎవరూ అడగకముందు, మార్చేయండి. పాతదాని స్క్రీన్‌షాటు తేదీతో దాచుకోండి. తప్పనిసరై ఏదైనా రాసివ్వాల్సి వస్తే తెలుగులోనో ఇంగ్లీషులోనో మీ చేత్తోనే రాయండి, మీకు చదవడం రాని భాషలో రాసిన కాగితం మీద సంతకం పెట్టకండి, కాపీ మీద స్టేషను ముద్ర వేయించుకోండి.

ఆ రెండు లైన్లూ అక్షరం మార్చకుండా మీ లాయరుకి చూపించండి, ఇక్కడ మళ్ళీ పెట్టొద్దు. గుంత ఇంకా అలాగే ఉంటే ఈ సాయంత్రమే ఇంకో ఫోటో తీయండి, పక్కన ఆ రోజు పేపరు పెట్టి.